కాలువ కట్టిన బేల్దారి తాత

"తెలీదని చెప్పనీకి ఉత్తరంలో రెండు పుటలు కావాల్నా?" అంది మా అమ్మ.

"దొరలు అట్లనే రాస్తారు మా. ముందు క్షేమం అడుగుతారు. వానలు పడినాయా అంటారు. ఆఖర్న అసలు సంగతి రాస్తారు," అన్నాను.

"నా మొగం చూసి చెప్పు."

"చూసే చెప్తాండా. అట్లాంటి మనిషి మా పుస్తకాల్లో లేడని రాసినాడు ఇంగ్లండు సీమ గుడి అయ్యగారు. అంతే."

"లేనోని గురించి ఎవురూ అంత రాయరు మే. ఉన్నోని గురించే రాస్తారు."

"నంద్యాల నుంచి బస్సులో నిలబడే వచ్చినా. రవ్వన్ని నీళ్లు తాగనిస్తావా లేదా?"

"తాగు. తాగి చెప్పు."

చెంబెడు నీళ్లు తాగాను. ఎంత మెల్లగా తాగినా చెంబులో నీళ్లు అయిపోతాయి. అమ్మ గడప మీద నుంచి కదల్లేదు.

"నాకు సదువు లేదు. నీకు మూడో తరగతి ఉంది. అయినా నువ్వు అబద్ధమాడితే నాకు తెలుస్తాది. గొంతు పెంచుతావు."

"నేనేం పెంచలే."

"ఇప్పుడు పెంచినావు."

నాకు కోపం వచ్చింది. అబద్ధం పట్టుబడినప్పుడు వచ్చే కోపం అది, ఇప్పుడైతే ఒప్పుకుంటాను. అప్పుడు ఒప్పుకోలేదు.

"సరే విను. మీ నాయనకు ఆడ సీమలో పెండ్లాం ఉన్నింది. ఇద్దరు పిల్లోళ్లు ఉన్నారు. మాయవ్వను చేసుకునేటప్పటికే ఉన్నారు. ఆ రెండు పుటల్లో ఉన్నిందదే. చాలునా?"

"చాలు," అంది అమ్మ. నా వైపు చూడలేదు. కాసేపటికి గోడ పట్టుకుని లేచి, నేను తాగిన చెంబు తీసుకుని, దొడ్లోకి పోయి బూడిదతో తోమింది. తోమాల్సిన పని లేదు. పొద్దున తోమిన చెంబే అది.

మేము ఆళ్లగడ్డలో కాలువ లస్కర్లకిచ్చిన ఇండ్లలో ఉన్నప్పటి మాట ఇది. మా ఆయన లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టు వెంబడి తిరిగి గండ్లు చూసుకోవడం ఆయన పని. మా నాయన పోయినాక అమ్మ మా దగ్గరే ఉండేది. కర్నూలు రాజధాని అయిన ఏడాది ఈ ఉత్తరాల సంగతి మొదలయింది. అప్పటికి అమ్మకు ఎనభై దగ్గర పడింది. నేను కూడా అవ్వనయ్యాను, నా పెద్ద కూతురికి ఆడపిల్ల పుట్టింది.

అమ్మ వాళ్ల నాయన ఇంగ్లండు మనిషి. ఆ మాట వినగానే అందరూ దొర అనుకుంటారు. గుర్రం, టోపీ, బంగళా అన్నీ వాళ్లే ఊహించుకుంటారు. బావి దగ్గర ఆడవాళ్లు మా అమ్మను దొరసాని అని పిలిచేవాళ్లు. "దొరసానమ్మా, మీ నాయన నీకేం ఇచ్చిపోయినాడు?" అని నవ్వేవాళ్లు. "పిల్లి కండ్లు ఇచ్చిపోయినాడు, నీక్కావాల్నా?" అనేది అమ్మ. ఆమె కండ్లు నిజంగానే లేత రంగు. నాకు రాలేదు.

ఆ తాత దొర కాదు. బేల్దారి. రాయి చెక్కి, సున్నం పెట్టి, గోడ లేపే మనిషి. కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వే రోజుల్లో లాకులు కట్టనీకి ఓడ మీద తెచ్చిన పనోళ్లలో ఒకడు. కాలువ పూర్తయినాక మిగతావాళ్లు వెళ్లిపోయారు. ఈయన ఉండిపోయాడు. రాయి కూలిన చోట మళ్లీ రాయి పెడుతూ నంద్యాలలోనే ఉన్నాడు. గడివేముల పక్క పల్లె నుంచి సున్నం తట్ట మోయను వచ్చిన మనిషిని చేసుకున్నాడు. ఆమే మాయవ్వ, మా అమ్మను కన్న అవ్వ. అమ్మకు నాలుగేండ్లప్పుడు జ్వరం వచ్చి చనిపోయాడు. అమ్మకు ఆయన ముఖం గుర్తులేదు. తల నిమిరినప్పుడు అరచేతి గరుకుకు వెంట్రుకలు చిక్కుకుని లాగినట్లుండేది, అది గుర్తుంది. రాయిని సుత్తితో తట్టి, చెవి ఆనించి వినేవాడట. లోపల బీట ఉంటే మోత మారుతుందని. అది కూడా చూసిందో, మాయవ్వ చెప్పగా చూసినట్లనిపించేదో అమ్మ చెప్పలేకపోయేది.

మాయవ్వ ఆ తర్వాత నలభై ఏండ్లు బతికింది. తట్టలు మోసి అమ్మను పెంచింది. నాకు పదేండ్లప్పుడు పోయింది. ఆమె ఎంత కష్టపడినా లోకం ఆమెకు పెట్టిన పేరు ఒకటే, తెల్లోడు ఉంచుకున్న మనిషి. ఆ మాట ఆమె ముందు అన్నవాళ్లున్నారు. అమ్మ ముందు అన్నవాళ్లున్నారు. నా పెండ్లి మాటల్లో కూడా ఒకసారి వచ్చింది. మాయవ్వ ఎవరికీ బదులు చెప్పేది కాదట. అమ్మకు మాత్రం చెప్పింది: "గుడిలో, నలుగురి ముందర చేసుకున్నాడు నన్ను." గుడి అంటే నంద్యాల చర్చి.

నంద్యాల చర్చి వాళ్ల సమాధుల తోటలో తాత సమాధి ఉంది. తోటి బేల్దార్లు నాపరాయి మీద ఒక తాపీ బొమ్మ చెక్కారు. పేరు లేదు. చెక్కడం తెలిసినోళ్లకు రాయడం రాదు కాబోలు. మాయవ్వ సమాధి గోడ అవతల, మనోళ్ల వరుసలో, మట్టిదిబ్బ. వానకు కరిగి కరిగి దిబ్బ కూడా లేదు, అమ్మ లెక్కతో అడుగులేసుకుని చూపిస్తుంది.

ఆ ఏడాది ఆ తోట గోడ కూలింది. మళ్లీ కట్టేటప్పుడు లోపల పేరు లేని సమాధులు ఎవరివో తెలిస్తే చెప్పమని, కావాలంటే కొత్త రాయి పెట్టుకోవచ్చని నంద్యాల చర్చి అయ్యగారు, అంటే పాస్టరు, ఆరాధనలో చెప్పారు. ఆ ఆదివారం మేము నంద్యాల చర్చిలోనే ఉన్నాం. అమ్మ అది విని నా చేయి గిల్లింది. ఆరాధన కాగానే నేరుగా ఆయన దగ్గరికి పోయింది.

"మా నాయన రాయి మీద పేర్లు కొట్టియ్యాల అయ్యగారూ. ఆయన పేరు, కింద మాయమ్మ పేరు. మాయమ్మ పేరు పక్కన భార్య అని కొట్టియ్యాల."

అయ్యగారు వయసులో చిన్నవాడు, నంద్యాల సంఘానికి కొత్త. పెద్ద పెట్టె తీసి పాత పెండ్లిళ్ల రిజిస్టరు వెతికారు. పురుగులు తిన్న అంచులు, ఎర్రబారిన సిరా. దొరికింది. తాత పేరు, ఆయన సొంత ఊరు, అది ఇంగ్లండులో ఏ జిల్లానో, మాయవ్వ పేరు, సాక్షుల వేలిముద్రలు, అన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఆఖరి గడిలో మాత్రం ఒక వాక్యం ఉంది. అయ్యగారు అది రెండుసార్లు మనసులో చదువుకుని అప్పుడు పైకి చదివారు.

"ఇతడు పెండ్లికానివాడని సొంత ఊరి గుడి నుంచి చీటీ రావలసి ఉన్నది."

"వచ్చినాదా?" అని అడిగింది అమ్మ.

"వచ్చినట్లు రాయలేదవ్వా."

పక్కనున్న సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు. "మా తాత చెప్తాండె. ఆ బేల్దారికి సీమలో ఇల్లు వాకిలి ఉన్నాయంట, అందుకే చీటీ రాలేదంట."

"మీ తాత సీమకు పోయి చూసొచ్చినాడా నాయనా?" అంది అమ్మ.

అయ్యగారు ఇద్దరినీ ఆపారు. ఆ గడి అట్లా ఉండగా రాయి మీద భార్య అని రాయించలేనని, రేపు ఎవరైనా అడిగితే తనే బదులు చెప్పుకోవాలని అన్నారు. తాత ఊరి గుడి ఇప్పటికీ ఉండే ఉంటుందని, అక్కడి అయ్యగారికి రాసి చూద్దామని కూడా ఆయనే అన్నారు. వాళ్లు బాప్తిస్మాలు, పెండ్లిళ్లు, సమాధులు మూడొందల ఏండ్ల నుంచి రాసిపెట్టుకుంటారట.

నాకు అప్పుడే ఇష్టం లేదు. చచ్చిపోయినోళ్ల కోసం సీమకు ఉత్తరాలేంది అన్నాను. విమానంలో పంపితే ఖర్చని ఓడ మీద పంపమన్నాను. ఎనభై ఏండ్లు ఆగిన సంగతి ఇంకో ఆరు నెలలు ఆగలేదా అని అన్నది కూడా నేనే. అయ్యగారు ఇంగ్లీషులో రాసి, మా ఇంటి మగమనిషి కాబట్టి మా ఆయన పేరు మీద, మా ఆళ్లగడ్డ విలాసంతో పంపారు. మా ఆయన కింద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని సంతకం చేశాడు. ఆరు నెలలు కాదు, బదులు రావడానికి ఇంకా ఎక్కువే పట్టింది. ఆ నెలలన్నీ అమ్మ టపా మనిషి సైకిలు మోత వింటే గడపలోకి వచ్చేది. చూపు ఆనకపోయినా చెవులు బాగా పనిచేసేవి.

చివరికి వచ్చిన ఉత్తరం అదే. కవరు చించి అమ్మ చేత్తో తడిమింది, రెండు పుటలని లెక్కపెట్టింది. నేను దాన్ని పట్టుకుని పొద్దున బస్సుకు నంద్యాల పోయి అయ్యగారి చేత చదివించుకున్నాను. అసలు సంగతి ఆయన చదివి తెలుగులో చెప్పారు. ఆ పేరు గల బేల్దారి ఆ ఊరిలో ఉండేవాడు, పెండ్లయింది, భార్య పేరు ఫలానా, వందేండ్ల కిందటి జనాభా లెక్కలో ఇద్దరు పిల్లలతో ఒక ఇంట్లో ఉన్నాడు, ఆ తర్వాత అతని జాడ తెలియదు. అయ్యగారు చదవడం ఆపి ఉత్తరం మడిచి నా చేతికిచ్చారు. "అవ్వకు నేను చెప్పాల్నా?" అని అడిగారు. నేనే చెప్పుకుంటానన్నాను. చెప్పకూడదనే అనుకున్నాను. ఎట్లా చెప్పానో మొదటే రాశాను.

ఆ తర్వాత అమ్మ నాతో పోట్లాడలేదు. అది నాకు అలవాటు లేదు. పోట్లాడే మనిషి పోట్లాడకపోతే ఇంట్లో ఏదో విరిగిపోయినట్లుంటుంది. అడిగినదానికి బదులిచ్చేది. పెట్టింది తినేది. ఒకరోజు జొన్నలు చెరుగుతూ, "ఆ రాయి సంగతి ఇంగ ఎత్తొద్దులే. ఆయనకు ఆయన రాయి ఉంది గదా," అంది.

నెలకొక ఆదివారం అయ్యగారు ఆళ్లగడ్డ వచ్చి ప్రార్థన ఇంట్లో రొట్టె, ద్రాక్షరసం చేతికిచ్చి సంస్కారం ఇచ్చేవారు. ఆ నెల అమ్మ రానంది.

"ఒళ్లు బాగలేదా?"

"బాగుంది."

"మరేంది?"

"ఆడ సీమలో ఒకామె నోరు కొట్టి మేము బతికినాము గదా. ఏం మొగం పెట్టుకుని చేయి చాపాల."

"నువ్వేం చేసినావు మా? పుట్టినావు, అంతే."

"మాయమ్మకు తెలిసి చేసుకునిందో తెలీక చేసుకునిందో. తెలిసింటే నాకు అబద్ధం చెప్పినట్లు. తెలీకుంటే ఆయప్ప ఆమెకు చెప్పినట్లు. యా దోవన పోయినా ఎవురో ఒకరు అబద్ధమే."

ఆమె కోరింది రాయి కాదని అప్పుడు తెలిసింది. తల్లి తనతో చెప్పిన ఒక్క మాట నిజమా కాదా అన్నదే ఆమె కోరింది. దాన్ని నేను గడప ముందర నిలబడి, నీళ్లు తాగి, విసురుగా తెంచేశాను.

ఆమె రాలేదని అయ్యగారే ఆరాధన అయినాక మా ఇంటికి వచ్చారు. అమ్మ దొడ్లో గేదె దగ్గర ఉండిపోయింది, లోపలికి రాలేదు. నేను మజ్జిగ ఇచ్చాను. మా ఆయన తూము నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం అడిగాడు.

"అయ్యగారూ, నా పేరుతో వచ్చిన ఉత్తరం, నేనెప్పుడూ వినలే. ఒక తూరి మొదట్నుంచి చదవండి."

"సంగతి చెప్పింటారు గదా."

"సంగతి చెప్పినారు. ఉత్తరం చదవలే."

నేను బియ్యం డబ్బా అడుగు నుంచి ఉత్తరం తీసిచ్చాను. అయ్యగారు మొదటి గీత నుంచి చదివారు. ప్రియమైన మిస్టర్ అని, ఆ తర్వాత మా ఆయన పేరు. ఇంటిపేరు లేదు, ఉత్త పేరు.

"అబ్బో," అన్నాడు మా ఆయన. "చిన్నప్పటి సోపతిగాని మాదిరి పేరు పెట్టి పిలుస్తాండాడే."

అయ్యగారు నవ్వారు. "లేదప్పా. అది మర్యాదే. వాళ్లు పెద్దమనిషిని ఇంటిపేరుతో పిలుస్తారు. వాళ్లకు సొంత పేరు ముందు, ఇంటిపేరు వెనక. నువ్వు మన లెక్కన ఇంటిపేరు ముందు పెట్టి సంతకం చేసినావు. ఆఖర్న ఉన్నదే నీ ఇంటిపేరని ఆయన అనుకున్నాడు."

"అంటే నా పేరే నాకు ఇంటిపేరు అయిందన్న మాట. మా నాయన వింటే కర్ర తీసుకుంటాడు."

ఇద్దరూ నవ్వుతున్నారు. నేను నవ్వలేదు. నా బుర్ర మెల్లగా నడుస్తుంది, కానీ ఒక చోట ఆగితే కదలదు.

"అయ్యగారూ, మన రిజిస్టరు రాసింది ఎవురు?"

"ఆ కాలంలో సంఘానికి బోధ చేసే ఉపదేశి. కింద ఆయన చేవ్రాలే ఉంది."

"దొరనా, మనోడా?"

"మనోడే. తెలుగులో రాసినాడు గదా."

"మనోడైతే మన లెక్కన రాసింటాడు. ఇంటిపేరు ముందు. మీరు సీమకు రాసేటప్పుడు అట్లనే ఎత్తి రాసినారా, తిప్పి రాసినారా?"

అయ్యగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "అట్లనే ఎత్తి రాసినా," అన్నారు. "తెల్లాయన పేరు గదా, వాళ్ల లెక్కనే ఉంటుందనుకున్నా. ఆయన పేరులో రెండు ముక్కలూ అట్లాంటివే. ఏది ముందు పెట్టినా ఒక మనిషి పేరయిపోతుంది."

"అయితే ఆ పెండ్లాం పిల్లోళ్లు ఎవురో ఇంకొకనోళ్లు కావచ్చునా?"

"కావచ్చు. కాకపోవచ్చు. చూడకుండా చెప్పను."

ఆయన అన్న మాట ప్రకారం నంద్యాలకు పోయి చూశారు. అదే ఉపదేశి చేత్తో రాసిన పేజీలలో ఒక తెల్ల పాదిరి పేరు ఉంది. ఆ పాదిరి పేరు చర్చి గోడ మీది పలకలో ఇంగ్లీషులో కూడా ఉంది. పలకలో వెనకున్నది రిజిస్టరులో ముందుంది. ఆ ఉపదేశి ఎవరినీ వదల్లేదు, అందరినీ మన లెక్కనే ఇంటిపేరుతో మొదలుపెట్టి రాశాడు. మూడో రోజు మా ఆయనకు కార్డు వచ్చింది: నీ భార్య చెప్పిందే నిజం, మళ్లీ రాద్దాం.

నేను నంద్యాల పోయి, ఈసారి విమానంలో పంపమన్నాను. అయ్యగారు నన్ను కొంచెం వింతగా చూశారు. నేను కొంగు ముడి విప్పి టపా బిళ్లలకు డబ్బులు అక్కడే పెట్టాను. ఒక్కటి మాత్రం అడిగాను, బదులు వచ్చేదాకా మా అమ్మకు చెప్పొద్దని. మళ్లీ అదే తాత అని వస్తే, రెండోసారి ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు. మా ఆయనకూ అదే చెప్పాను. ఆయనకు చెప్పాల్సిన పనే లేదు, గట్టు మీద నడిచేటప్పుడు నీళ్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడడు.

బదులు వచ్చిన రోజు శనివారం. అదృష్టం, మరునాడే అయ్యగారు ఆళ్లగడ్డ వచ్చే ఆదివారం. ఆ కవరును నేను చించలేదు. చించినా నాకు చదవరాదు, అయినా చించలేదు. ఆదివారం అమ్మ ఆరాధనకు రాలేదు. అయ్యగారు నేరుగా మా ఇంటికే అన్నానికి వచ్చారు. అన్నం ముందా ఉత్తరం ముందా అంటే ఉత్తరం ముందన్నాను. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని, కవరు చించి, ముందు తనలో తాను చదువుకున్నారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. రెండో పుట మధ్యలో ఆయన ఆగి, మళ్లీ వెనక్కి పోయి చదివారు. అప్పుడు, "అవ్వను పిలువమ్మా," అన్నారు.

అమ్మ వచ్చి కింద కూర్చుంది. "మళ్లా ఏందంట? చెప్పాల్సింది చెప్పినారు గదా."

"అవ్వా, తప్పు మాది. పోయినసారి మీ నాయన పేరు తిరగేసి రాసినాము. వాళ్లు ఇంకొక మనిషిని వెతికి పట్టుకున్నారు. పెండ్లాం పిల్లలు ఉన్నది ఆ మనిషికి. మీ నాయన వేరే."

అమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. గొంతు పెంచలేదు.

"చదవండి," అంది.

ఆయన ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పారు. ఇంగ్లండు అయ్యగారు బాప్తిస్మాల పుస్తకంలో తాతను కనిపెట్టారు. తండ్రి రాతి గనిలో కూలి. తాత చిన్నవాడుగా ఉన్నప్పుడే ఆ తండ్రి చనిపోయాడు. జనాభా లెక్కల కాగితాలు వందేండ్లు దాటితే గానీ చూడనివ్వరట. దాటిన ఒక లెక్కలో ఆ ఇల్లు దొరికింది. తల్లి విధవ, బట్టలు ఉతికే పని. కొడుకు పదమూడేండ్లవాడు, బేల్దారి దగ్గర చేతికింద పని. ఇద్దరు చెల్లెళ్లు.

"మొన్న మనింటికి వచ్చి ఎంతమంది, ఏం పని అని రాసుకుని పోయినారే, అట్లనా?" అంది అమ్మ.

"అట్లనే."

"వాళ్లింట్లో గూడ అడిగినారా. బట్టలుతుకుతానని చెప్పినాదా ఆమె."

"చెప్పింది. అట్లనే రాసినారు."

"చెల్లెండ్లు ఉన్నారా నాయనకు." ఆ మాట ఎవరినీ అడిగినట్లు లేదు. అమ్మకు తండ్రి వైపు మనిషి ఒక్కరూ లేరు. ఎనభయ్యో ఏట ఇద్దరు మేనత్తలు వచ్చారు.

పెండ్లిళ్ల పుస్తకంలో ఆయన ఊరు విడిచేదాకా ఆయన పేరుతో పెండ్లి లేదు. అయినా ఇంకో ఊరిలో చేసుకుని ఉండవచ్చు, దాని తర్వాతి జనాభా లెక్క ఇంకా తెరవలేదు, కాబట్టి అది చాలదని ఇంగ్లండు అయ్యగారు నిజాయితీగా రాశారు. అందుకని ఆయన ఇంకొకటి వెతికారు. ఆ కాలంలో ఆ గుడిలో ఉన్న అయ్యగారు బీదవాళ్ల ఇండ్లు తిరుగుతూ, ఎవరింట్లో ఏం కష్టమో ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాడట. ఆ పుస్తకం గుడి బీరువాలో ఉంది. తాత తల్లి ఇంటి కింద ఆయన రాసుకున్నది మాట మాటా ఎత్తి రాశారు. నంద్యాల అయ్యగారు దాన్ని చదివేటప్పుడు నిదానించారు.

"విధవ. బట్టలు ఉతుకుతుంది. చేతులు పగిలి ఉన్నాయి. కొడుకు కాలువ పనికి ఇండియా పోయి మూడు నెలలు. పెండ్లి కాలేదు. అక్కడ ఎవరినైనా చేసుకుని ఇంక తిరిగి రాడేమోనని తల్లి భయపడుతున్నది. ధైర్యం చెప్పి వచ్చాను."

దొడ్లో గేదె తోక విసురుకున్న చప్పుడు వినిపించింది.

"ఇంగొక తూరి చదవండి, ఆ భయపడేది."

ఆయన చదివారు.

అమ్మ నవ్వింది. మొదట నవ్వే, తర్వాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "భయపడినట్లే అయినాది పాపం," అంది కొంగు లోపలి నుంచి. "ఆ యమ్మకు ఎవురన్నా చెప్పినారా అయ్యగారూ, కోడలు మంచిదేనని?"

"అది రాయలేదవ్వా."

"చెప్పింటే బాగుండు. ఆమె తట్టలు మోసేది, ఈమె బట్టలుతికేది. ఇద్దరికీ కుదిరుండేది." కొంగు దించి, "మాయమ్మ నాకు అబద్ధం చెప్పలే," అంది.

"చెప్పలేదు," అన్నారు అయ్యగారు. "ఆ చీటీ ఎందుకు రాలేదో నాకు తెలీదు. దోవలో పోయిందో, రాసేవాళ్లు లేకపోయినారో. ఇప్పుడు వచ్చింది. నాకు ఇది చాలు. రేపు ఆ గడి నేనే పూర్తి చేస్తా."

అన్నం వడ్డించేటప్పుడు అమ్మ కంచంలో నెయ్యి రెండు చెంచాలు వేశాను. మా ఇంట్లో నెయ్యి అమ్మకానికి, తినడానికి కాదు. అమ్మ కంచం వైపు చూసి, నా వైపు చూసింది.

"ఏంది, ఇయ్యాల పండగనా?"

"తిను మా. మాట్లాడకుండా తిను."

"నన్ను గమ్మునుండమనే దానివి నువ్వెవురు మే?" అని కసిరింది. చాలా నెలల తర్వాత కసిరింది. తప్పయిందని నేను చెప్పలేదు. మా ఇద్దరి మధ్య ఆ మాట ఎప్పుడూ లేదు. ఇంకో చెంచా వేయబోతే చేయి అడ్డం పెట్టి, "చాలు, అమ్ముకోవాల గదా," అంది.

మరునాడు పొద్దున మొదటి బస్సుకు అయ్యగారితో పాటు మేమిద్దరం నంద్యాల పోయాం. అమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుంది. కిటికీ పక్కన సీటు కావాలంది, చూపు ఆనకపోయినా. చర్చి గదిలో అయ్యగారు పెట్టె తీసి, రిజిస్టరు బల్ల మీద పరిచి, ఆఖరి గడిలో పాత వాక్యం కింద సన్నగా నాలుగు గీతలు రాశారు. రాసి చదివారు. సొంత ఊరి గుడి నుంచి ఉత్తరం చేరినదని, ఇతడు పెండ్లికానివాడని తేలినదని, ఈమె ఇతని భార్య అని.

"ఆ మాట యాడుంది?" అంది అమ్మ.

తెలుగు గదా, అది నాకు వచ్చు. అమ్మ చూపుడువేలు పట్టుకుని ఆ మాట కింద ఆనించాను. సిరా తడి ఆరలేదు. వేలికి అంటింది, కింద కొంచెం చెదిరింది. అయ్యగారు అద్దుడు కాగితం పెట్టి ఒత్తారు. రాళ్లు చెక్కే అతనికి ఏమేం కొట్టాలో కాగితం మీద రాసి నాకిచ్చారు. అతని కొట్టం బజారులోనే ఉంది. అతను చదువుకుని వారం పడుతుందన్నాడు. సరేనని, పదిన్నర బస్సుకు ఆళ్లగడ్డ వచ్చేశాం.